టోన్డ్ పాలు, సీత ముక్కు

మొన్న సంక్రాంతి అయ్యాక నా స్నేహితురాలు ఫోన్ చేసి ఒక పని అప్పజెప్పింది. హైదరాబాద్‌లో తను గీసిన బొమ్మల ప్రదర్శన పెట్టుకుంటోంది. దానికోసం వేసే చిన్న పుస్తకానికి ముందుమాటలా ఓ పేజీ రాసిపెట్టాలి. "నీకేముందే, గంటలో రాసి పడేస్తావు. ప్రకృతి స్ఫూర్తి, పల్లెలో స్టూడియో, నిశ్శబ్దం... ఆ లైన్లో వెళ్లిపో" అంది.

ఆమె పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి, చేవెళ్ల దాటాక ఒక ఊళ్లో అరెకరం కొనుక్కుని, పైన పెంకులేసిన ఒంటి గది కట్టుకుంది. నాలుగేళ్లయింది. వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు సిటీలో. బొమ్మలు నిజంగానే బాగుంటాయి. స్నేహం కొద్దీ అంటున్న మాట కాదు.

పేజీయే కదా అని ఒప్పుకున్నాను. మూడు వారాలు గడిచినా "ప్రకృతి స్ఫూర్తితో" అన్న మొదటి మాట దాటి ముందుకు పోలేదు. రాస్తాను, కొట్టేస్తాను. అసలు ఈ మాటంటే నాకెందుకింత చిరాకు అని ఆలోచిస్తే అదే ఒక పెద్ద పోస్టయింది. ఆ పేజీ సంగతి చివర్లో చెబుతాను.

చీరల షాపు ప్రకటనలో ప్రకృతి స్ఫూర్తి. విల్లాల బ్రోచర్లో ప్రకృతి స్ఫూర్తి. ఈమధ్య సబ్బు పెట్టె మీద కూడా చూశాను. అరిగిపోయిన మాట కాబట్టి చిరాకు అనుకోవచ్చు గానీ, అరిగిన మాటలు నేనూ రోజుకి నూరు వాడతాను. నా పేచీ వేరే. ఈ మాటలో ప్రకృతి అంటే కిటికీ బయట కనబడేది. ఆర్టిస్టు కాఫీ కప్పు పట్టుకుని కాసేపు చూస్తాడు, మనసు నిండుతుంది, లోపలికెళ్లి తలుపేసుకుని గీస్తాడు. అది ఇస్తుంది, ఇతను పుచ్చుకుంటాడు. ఇద్దరి మధ్యా మాటా మాటా రాదు. నేను ఒకసారి దగ్గర నుంచి చూసిన చోట మాత్రం పొద్దున లేస్తే అదే గొడవ.

పదహారు రోజులు

ఏడేళ్ల కిందట, ఒక ఉద్యోగం మానేసి ఇంకోదాంట్లో చేరేలోపు దొరికిన ఖాళీలో, శ్రీకాళహస్తి వెళ్లి, కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసే ఒక కలంకారీ వాళ్లింట్లో పదహారు రోజులు కూర్చున్నాను. నేర్చుకున్నానని చెప్పుకోలేను. కూర్చున్నాను, అంతే.

ఇల్లే కార్ఖానా. ముందు గదిలో నేల మీద చాప, దాని మీద పరిచిన గుడ్డ. దొడ్లో పొయ్యి, రాగి అండా, వరసగా మూతలు కట్టిన మట్టి కుండలు. కుండల్లో ఉండేది కసిం. అంటే నల్లరంగు. తుప్పు పట్టిన మేకులు, విరిగిన తాళాలు, ఎద్దుల నాడాలు నీళ్లలో వేసి, తాటిబెల్లం కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. మూత తీస్తే కల్లు దుకాణమూ ఇనప సామాన్ల కొట్టూ ఒకే గదిలో పెట్టినట్టుంటుంది వాసన.

గుడ్డకి ముందు కరక్కాయ పొడి, పాలు పట్టించాలి. మొదటి రోజు పాలావిడ రాలేదు. నన్ను పంపించారు. నేను బజారుకెళ్లి రెండు ప్యాకెట్లు తెచ్చి పోశాను. తెల్లగా ఉంటే పాలే కదా! గుడ్డ నానింది, పిండాం, దండెం మీద ఆరేశాం. మర్నాడు చింత బొగ్గుతో సీతమ్మను గీసుకుని (గీసింది పెద్దాయన, దిద్దింది నేను) కలం పట్టుకున్నాను.

కలం అంటే సన్నగా చెక్కిన వెదురుపుల్ల. మొనకి కాస్త పైన గుడ్డ పీలికలు చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టు కసిం పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కితే పుల్ల వెంట మొన దాకా దిగుతుంది. ఎంత నొక్కితే అంత గీత. కసిం సీసాలో చూస్తే మురిక్కాలవ నీళ్లలా ఉంటుంది. అదే కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిస్తే పుట్టే నలుపు అది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది.

కానీ నా గీత నల్లబడి అక్కడితో ఆగలేదు, పక్కలకి పాకింది. సీతమ్మ ముక్కు చూస్తుండగా లావైపోతోంది. పెద్దాయన నా చేతిని తప్పు పట్టలేదు. గుడ్డ అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఎనుం పాలేనా ఇవి?" అన్నారు.

"ప్యాకెట్ పాలు తాతా."

"నీళ్ల పాలల్లో వెన్న యాడుంటాదమ్మా? చూడు, సీతమ్మకి జలుబు జేసిండాది."

ఎనుం పాలంటే గేదె పాలు. పాలల్లో కొవ్వు ఉంటేనే గీత దాటకుండా రంగు నిలబడుతుంది. నేను తెచ్చినవి టోన్డ్ పాలు. మూడు మూరల గుడ్డ పాడైంది. ఆయన కోప్పడలేదు గానీ ఆ గుడ్డతో మిగిలిన పదిహేను రోజులూ బల్ల తుడిపించారు. సీతమ్మ ముఖంతో బల్ల తుడవాలంటే నాకు మనసొప్పేది కాదు. వాళ్లకి అలాంటి పట్టింపేమీ ఉన్నట్టు లేదు.

ఎర్రరంగు ఇంకా విచిత్రం. ఎరుపు రావాల్సిన చోట మనం పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. పటికకి రంగు లేదు. తడి ఆరాక ఎక్కడ పూశామో, ఎక్కడ వదిలేశామో మన కంటికే ఆనదు. అలా ఒక పూటంతా ఏమీ కనబడని రంగు వేసుకుంటూ పోవాలి. తర్వాత పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేరు వేసి మరిగించిన అండాలో గుడ్డని ముంచి కర్రతో కలుపుతూ ఉంటే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. చెయ్యి ఎక్కడ వణికిందో, ఎక్కడ మర్చిపోయామో అప్పుడు బయటపడుతుంది. నా రాముడి అంగవస్త్రం సగమే ఎర్రబడింది.

ఉడికించాక గుడ్డంతా మురికిగా తేలుతుంది. దాన్ని పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, తడుపుతూ తడుపుతూ తెల్లబరచాలి. సరిగ్గా ఆ దశలో అల్పపీడనం వచ్చింది. నవంబర్ నెల, చిత్తూరు వైపు వానలన్నీ అప్పుడే. మూడు రోజులు ముసురు. గుడ్డలు దండెం మీదే ముక్కిపోయిన వాసన పట్టాయి. ఆ మూడు రోజులూ పెద్దాయన కొత్త కలాలు చుట్టుకున్నారు, మిగతా టైమంతా టీవీలో సీరియల్ చూశారు.

ఊరికే కూర్చోలేక నేను అడగకూడని ప్రశ్న అడిగాను. "తాతా, మీకు ప్రకృతి నుంచి స్ఫూర్తి ఎలా వస్తుంది?" ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "అదేందమ్మా? ఎండ రావాల, అంతే" అన్నారు.

ఆకు బొమ్మా, ద్రౌపది బొమ్మా

ఇప్పుడు నా స్నేహితురాలి స్టూడియోకి వద్దాం. ఆమె గీసేవి మోదుగు పూలు, తంగేడు పొదలు, ఎండిన చెరువులో బీటలు. గీసేది ఏక్రిలిక్ రంగులతో. ఏక్రిలిక్ అంటే ఆరితే ప్లాస్టిక్ పొర. పాడు కాదు, వెలిసిపోదు, గంటలో ఆరిపోతుంది. వాన వచ్చినా, అర్ధరాత్రయినా గీసుకోవచ్చు. కుంచెలు కడిగిన నీళ్లు మాత్రం వేపచెట్టు కింది గుంటలోకి పోతాయి.

కాళహస్తిలో చూసిన గుడ్డల మీద ఏముంది? ద్రౌపదీ స్వయంవరం, లంకాదహనం, తిన్నడు కన్ను పెకలించుకోవడం. కింద వరసల్లో తెలుగులో కథ. అంచుల్లో లతలూ చిలకలూ ఉంటాయి గానీ అవి అంచులే. అదంతా పురాణం. గుడ్డ మాత్రం చెట్టు, గేదె, తుప్పు, ఎండ, పేడ, పారే నీళ్లు ఇవన్నీ సరేనంటేనే పూర్తవుతుంది.

ప్లాస్టిక్‌తో గీసిన ఆకు బొమ్మని ప్రకృతి కళ అంటున్నాం. కరక్కాయతో గీసిన ద్రౌపదిని సంప్రదాయ కళ అనో హస్తకళ అనో పక్కన పెడుతున్నాం. బొమ్మలో ఏముందన్నదే చూస్తున్నాం తప్ప, బొమ్మ ఎలా తయారైందని అడగడం లేదు.

ఇదంతా ఫోన్లో చెబితే ఆమె ఊరుకుంటుందా! "కరక్కాయలు నువ్వు చెట్టెక్కి కోశావా?" అంది. కోయలేదు. పచారీ కొట్లో కొన్నవే. ఆ దెబ్బకి నేను కాస్త తడుముకోవాల్సి వచ్చింది. మంజిష్ఠ ఎక్కడో కొండ ప్రాంతాల నుంచి వస్తుంది. ఒకప్పుడు మన కోస్తా ఇసుక నేలల్లో తవ్వి తీసిన చిరివేరు బందరు కలంకారీ ఎరుపుకి ప్రాణం. ఇప్పుడు అది దొరకడమే అరుదు. పటిక ఎటూ కొట్టు సరుకే. పారే నీళ్లన్నాను కదా, స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నేనున్నన్నాళ్లూ మేం గుడ్డలు జాడించింది ఒక పొలంలో బోరు దగ్గర, కరెంటు ఉన్న గంటల్లో. అండా కింద మంట కట్టెలదే.

అంతెందుకు, ఆ కళ ఇవాళ బతికుందంటే దానికి కారణం ప్రకృతి కాదు. దాదాపు ఆరిపోతున్న దశలో, హస్తకళల్ని నిలబెట్టడానికి పూనుకున్న కమలాదేవి చటోపాధ్యాయ పట్టుబట్టబట్టి, 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టబట్టి నిలబడింది. జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారి లాంటి వాళ్లు జీవితమంతా దానికే ఇచ్చారు. 2008లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కొండలూ వాగులూ ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయి, వాటివల్ల ఒక్క కలం కూడా నిలబడలేదు.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకదీ ఇంచుమించు అదే కథ. అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. సి.వి. రాజు గారు గింజలూ బెరళ్లూ పట్టుకుని ఏళ్ల తరబడి కుస్తీ పట్టి సహజ రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2023లో ఆయనకీ పద్మశ్రీ ఇచ్చారు. అక్కడి వాళ్లని అడిగితే స్ఫూర్తి గురించి చెప్పరు, అంకుడు కర్ర సరిగ్గా దొరకడం లేదని చెబుతారు.

కాబట్టి ఊళ్లో దొరికినవాటితో, ఊళ్లోనే, స్వచ్ఛంగా చేయడం అనేది నేను కట్టుకున్న కథ. అంతవరకూ ఆమె గెలిచింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పెద్దాయన మనవడికి అప్పుడు ఇరవై రెండేళ్లు. పొద్దున్నే శ్రీసిటీలో ఒక కంపెనీకి బస్సెక్కేవాడు. నీకు ఈ పని ఇష్టం లేదా అంటే నవ్వి, "నువ్వు పదహారు రోజులుండి పోతావు కదక్కా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్మే చీర వెయ్యి రూపాయలకి వస్తుంటే, రెండు నెలలు పట్టే గుడ్డ దగ్గర కూర్చోమని వాడికి చెప్పడానికి నేనెవరిని? పేడనీళ్లలో చెయ్యి పెట్టిన వాడికే ప్రకృతి గురించి మాట్లాడే హక్కుందని తీర్పు చెప్పడం చాలా తేలిక. చేతులు కడుక్కుని రైలెక్కేసిన దాన్ని కదా.

తుమ్మపూడి

అసలు చిక్కు చిత్రకారుడూ రచయితా అయిన సంజీవదేవ్ గారితో వచ్చింది. ఆయన గుర్తొచ్చేసరికి నా వాదన సగం కూలిపోయింది.

1914లో పుట్టిన మనిషి. కుర్రతనంలోనే హిమాలయాలు పట్టుకు తిరిగాడు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర గడిపాడు. కావాలంటే ఏ శాంతినికేతన్‌లోనో, ఏ ఢిల్లీలోనో స్థిరపడగలిగేవాడే. తిరిగొచ్చి గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చున్నాడు. 1999లో పోయేదాకా ఆ ఊరే. బొమ్మలు వేశాడు, సౌందర్యం గురించి వ్యాసాలు రాశాడు, ఊరూ పేరూ తెలియని కాలేజీ కుర్రాడు కార్డు ముక్క రాసినా జవాబిచ్చాడు. మా మామయ్య దగ్గర అలాంటి ఉత్తరాలు రెండు ఉండేవి. అట్టపెట్టెలో, నేప్తలీన్ గోళీల వాసనతో.

ఆయన నీటిరంగులతో, పేస్టెల్స్‌తో ప్రకృతి దృశ్యాలు గీశాడు. పక్కనే దుగ్గిరాల, పసుపు యార్డుకి పేరుపడ్డ ఊరు. పసుపుకేం కొదవ! అయినా ఆయన కొమ్ములు దంచి రంగు నూరుకున్నాడని నేనెక్కడా చదవలేదు. నా లెక్క ప్రకారమైతే ఆయన కూడా కిటికీలోంచి చూసిన మనిషే కావాలి. కానీ ఆ మాట అనడానికి నాకే నోరు రాదు. ఎందుకు రాదు?

చాలా రోజులు దీని మీదే ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఆయన అక్కడ ఉండిపోయాడు. ఆ పొలాల మీద మబ్బు పట్టడం, కృష్ణ కాలవలు కట్టేయడం, మళ్లీ వదలడం, నాట్లు, కోతలు ఒకటి రెండు సార్లు కాదు, ఏళ్లకి ఏళ్లు చూశాడు. వీకెండ్‌కి వెళ్లి చూస్తే మబ్బు అందంగా ఉంటుంది. ఉన్న చోటే ఉండేవాడికి అదే మబ్బు కుప్ప మీద పట్టా కప్పారా లేదా అన్న టెన్షన్ కూడా. పక్కింటివాళ్ల వరి తడిసిన రోజున మబ్బుని బొమ్మ గీస్తే, అది ముందు రోజు గీసిన మబ్బులా ఉండదని నా నమ్మకం. రుజువు అడిగితే లేదు.

అంటే నేను మొదట పట్టుకున్న మాట తప్పు. రంగు ఎక్కడిదన్నది అంత ముఖ్యం కాదు. పనిలో ప్రకృతికి ఏమైనా అధికారం ఉందా లేదా అన్నది చూడాలి. వద్దు అని అది అనగలదా? అన్నప్పుడు మనం ఆగుతామా? పెద్దాయన ముసురులో మూడు రోజులు ఆగారు. ఆగడం ఆయనకి పెద్ద విశేషం కాదు, మరో దారి లేదు. ఏక్రిలిక్‌కి మాత్రం ఆగాల్సిన పని లేదు. దాని గొప్పతనమూ అదే, నాకు దాని మీద అనుమానమూ అదే.

గోడ వైపు తిప్పిన బొమ్మలు

ఫిబ్రవరి చివర్లో స్నేహితురాలి స్టూడియోకి వెళ్లాను. రోడ్డు పక్కన మోదుగులు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. ప్రదర్శనకి పోయే బొమ్మలన్నీ గోడకి వరసగా పెట్టింది. శుభ్రంగా, మెరుస్తూ, బాగున్నాయి. నేను తల ఊపుతూ తిరిగాను. మూలన ఏడెనిమిది బొమ్మలు గోడ వైపు తిప్పి ఉన్నాయి. అవేంటి అంటే "పాడైపోయినవి లేవే" అంది.

తిప్పి చూశాను. ఒకదాని చట్రం చెద తినేసి, మట్టి దారి ఒకటి కేన్వాస్ మీదుగా పైదాకా పాకింది. సరిగ్గా బొమ్మలోని చెరువు గట్టు వెంబడే. ఇంకోదాని వెనక కందిరీగ మట్టిగూడు, బొటనవేలంత. గీకెయ్యకపోయావా అంటే, "లోపల పిల్లలుంటాయి కదా, ఎగిరిపోయాక తీద్దామనుకున్నా" అంది. ఎగిరిపోయి ఏడాదయినట్టుంది, గూడుకి కన్నం ఉంది.

మూడోది కాగితం మీద ఇంకుతో గీసిన మోదుగు కొమ్మ. వరండాలో క్లిప్పులు పెట్టి ఆరేసిందట. రాత్రి జల్లు ఏటవాలుగా కొట్టింది. పూల ఎరుపు కిందికి కారి, కాగితం సగం లేత గులాబీ రంగయింది. కొమ్మ మాత్రం ఉంది, తడిలో నిలబడ్డట్టు. నేను దాన్ని వెలుగులోకి తెచ్చి చాలాసేపు చూశాను. సీతమ్మ ముక్కు గుర్తొచ్చింది.

"ఇది పెట్టు" అన్నాను.

"పిచ్చా? అది నేను గీసింది కాదు, వాన పాడు చేసింది."

"అందుకే పెట్టమంటున్నా."

"నీకేం, చెబుతావు. కొనేవాళ్లు మరక అంటారు."

మాట పెరిగింది. ఆమె అన్నదాంట్లో నిజముంది. అనుకోకుండా అయినదాన్నల్లా కళ అని ఫ్రేము కట్టేస్తే అదో మోసం. పెద్దాయన సీతమ్మ ముక్కుని దాచిపెట్టలేదు, బల్ల తుడిపించారు. పాలు తప్పయితే గుడ్డ తప్పే. ఆయన అన్నేళ్ల పనితనం ముందు నా మరకల మోజు ఎంత! తిరుగు బస్సులో ఇదే ఆలోచన. ప్రకృతి వద్దంటే ఆగడం ఆమెకి కూడా తెలుసు మరి. ఆ మోదుగు కొమ్మ తడిశాక రెండు వానాకాలాలు ఆమె కాగితం జోలికి పోలేదు, కేన్వాసుల కింద ఇటుకలు పెట్టింది, జూలైలో వెలుతురు చాలక పెద్ద బొమ్మలు మానేసి అరచేతంత బొమ్మలు వేసింది. ఇవన్నీ మాటల్లో మాటగా, ఏదో ఇంటి రిపేర్ల గురించి చెబుతున్నట్టు చెప్పింది. పేజీలో రాయాల్సింది ఇదేనే తల్లీ అంటే, అవన్నీ ఎవరికి కావాలి అంది.

ఇంటికొచ్చి పేజీ రాశాను. అరపేజీయే అయింది. ఏ బొమ్మ ఏ నెలలో గీసిందో, చిన్న బొమ్మలు ఎందుకు చిన్నవో, ఎన్ని చెదలపాలయ్యాయో. స్ఫూర్తి అన్న మాట వాడలేదు. ఆమె చదివి రెండు రోజులు ఫోన్ చేయలేదు. తర్వాత చేసి, చెదల వాక్యం తీసేస్తానంది, మిగతాది ఉంచుతానంది. సరే అన్నాను.

మొన్న ఆహ్వానపత్రిక వచ్చింది. మందపాటి కార్డు, బంగారు అక్షరాలు, పైనే పెద్దగా "ప్రకృతి స్ఫూర్తితో". డిజైనర్ పెట్టాడట. ప్రదర్శన మొదటి రోజే వెళ్లాను. తలుపు వెనక, స్విచ్ బోర్డు పక్కన, ఎవరూ పెద్దగా ఆగని చోట ఆ తడిసిన మోదుగు కొమ్మ వేలాడుతోంది. దాని కింద మాత్రం ధర చీటీ లేదు.